ఈమ్ ఊరి చర్చి

పిల్లలూ, ఇంగ్లండులో ఏ పల్లెకు పోయినా ముందుగా కంటబడేది చర్చి గోపురం. ఒక చర్చి కిందికి వచ్చే ఊరునూ, చుట్టుపట్ల పొలాలనూ కలిపి అక్కడ 'పారిష్' అంటారు. ఆ పారిష్‌లో పుట్టినవాడికి బాప్తిస్మం ఆ చర్చిలోనే, పెళ్లి ఆ చర్చిలోనే, చనిపోతే సమాధి కూడా ఆ చర్చి ఆవరణలోనే. ఇది కొన్ని వందల ఏళ్లపాటు సాగిన ఆచారం. అందువల్ల ఊరి చరిత్ర తెలియాలంటే పుస్తకాలు వెతకనక్కరలేదు. చర్చి చుట్టూ ఒకసారి నిదానంగా నడిచి, రాళ్లమీద ఉన్నది చదివితే చాలు.

అటువంటి చర్చి ఒకటి ఇవాళ మీకు చూపిస్తాను. ఆ ఊరి పేరు ఈమ్. లండనుకు ఉత్తరంగా సుమారు 250 కిలోమీటర్ల దూరాన, డెర్బీషైర్ కొండల్లో ఉన్నది. షెఫీల్డు నగరం దానికి దగ్గర. పూర్వం ఆ ఊరివాళ్లు గొర్రెలు మేపేవారు, పొలం చేసుకునేవారు, సీసం గనులలో పని చేసేవారు. చర్చి సెయింట్ లారెన్సు పేర వెలసినది.

ఆవరణలో అడుగు పెట్టగానే ఎత్తయిన రాతి శిలువ ఒకటి కనబడుతుంది. దాదాపు పన్నెండు వందల ఏళ్ల నాటిది. అంటే ఇప్పుడున్న చర్చి కట్టడానికి చాలా ముందుదన్నమాట. దానిమీద మెలికలు తిరిగిన తీగలూ, దేవదూతల బొమ్మలూ చెక్కి ఉన్నాయి. స్తంభంలో పైభాగం ఒక ముక్క పోయింది. ఒక కాలంలో ఈ శిలువ పిచ్చిమొక్కల మధ్య దిక్కులేకుండా పడి ఉండేదట. చెరసాలల బాగుకోసం పాటుపడిన జాన్ హొవర్డ్ అనే మహనీయుడు ఈ ఊరికి వచ్చినప్పుడు చూసి, దాన్ని లేపి నిలబెట్టించాడని చెబుతారు.

దక్షిణపు గోడమీద నీడ గడియారం ఉన్నది. 1775 నాటిది. మామూలు నీడ గడియారం ఆ ఊరి వేళ ఒక్కటే చెబుతుంది. ఇది అంతటితో ఊరుకోదు. దూరదేశాలలోని పట్టణాలలో మధ్యాహ్నం ఎప్పుడవుతుందో కూడా గీతలు గీసి చూపుతుంది. ఇది ఎలాగో మీరే లెక్క వేయవచ్చు. భూమి గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగుతుంది. ఈమ్‌కూ మన కాకినాడకూ మధ్య దాదాపు 84 డిగ్రీల తేడా ఉన్నది. 84ను 15 పెట్టి భాగించండి. ఈమ్‌లో నీడ సరిగ్గా మధ్యాహ్నం చూపేసరికి కాకినాడలో సాయంకాలం అయిదున్నర దాటి, బడిపిల్లలు ఇళ్లు చేరి ఉంటారు. రాతిపలకమీద ఇటువంటి లెక్కలు చెక్కి గోడకు తాపడం చేశారంటే, ఆ కొండపల్లెలో ఎవరికో భూగోళశాస్త్రం బాగా వంటబట్టిందన్నమాటే.

ఇక క్రికెట్టు పిచ్చి ఉన్నవారు చూడవలసిన సమాధి ఒకటి ఉన్నది. డెర్బీషైర్ జట్టులో ఆడి, తరువాత అంపైరుగా పని చేసిన హారీ బాగ్‌షా 1927లో చనిపోయాడు. ఆయన రాతిమీద బంతి తగిలి పడిపోతున్న వికెట్లూ, పైన అంపైరు వేలెత్తి 'అవుట్' చెబుతున్న చెయ్యీ చెక్కారు. చావును ఇంత చమత్కారంగా చెప్పిన రాయి మరొకటి ఉన్నదా అని నాకు అనుమానమే.

లోపలికి వెళితే చాలా పాతకాలపు రాతి జ్ఞానస్నానపు తొట్టి ఉన్నది. గోడలమీద సుమారు నాలుగు వందల ఏళ్ల నాటి బొమ్మలున్నాయి. బైబిలులో చెప్పే పన్నెండు గోత్రాల గుర్తులవి. ఎవరో సున్నం కొట్టి కప్పేస్తే, 1960ల దశకంలో మరమ్మతులు చేసేటప్పుడు బయటపడ్డాయి.

అయితే ప్రపంచం నలుమూలలనుంచీ జనం ఈ చర్చికి వచ్చేది శిలువ కోసమూ కాదు, గడియారం కోసమూ కాదు. ఒక జాబితా కోసం. 1538లో ఇంగ్లండు ప్రభుత్వం ప్రతి పారిష్‌కూ ఒక ఉత్తరువు పంపింది. బాప్తిస్మాలూ, పెళ్లిళ్లూ, భూస్థాపనలూ ఎప్పటికప్పుడు తేదీలతో పుస్తకంలో రాసి ఉంచాలని దాని సారాంశం. పుట్టుకలనూ, చావులనూ సర్కారువారే రాసుకునే పద్ధతి అక్కడ 1837లో గాని మొదలు కాలేదు. అంతవరకు ఒక బీదవాడు ఈ లోకంలో పుట్టి పెరిగాడనడానికి చర్చి చిట్టాలో ఉండే ఒక్క పంక్తే సాక్ష్యం. బడిలో హాజరు పట్టీలు రాసి రాసి వచ్చిన అలవాటు కాబోలు, ఇటువంటి పేర్ల వరుస కనబడితే నేను పైనుంచి కిందిదాకా చదవకుండా ఉండలేను. ఈమ్ చిట్టా మాత్రం ఒక్క బిగిని చదవడం ఎవరివల్లా కాదు.

1665 సెప్టెంబరు 7న చనిపోయినవాడి పేరు జార్జి వికార్స్. అతను ఊరి దర్జీ దగ్గర పనివాడు. ఆ ఏడు లండనులో ప్లేగు చెలరేగి, లెక్కకెక్కినంతవరకే 70,000కు దగ్గరగా జనాన్ని పొట్టన పెట్టుకున్నది. ఆ లండనునుంచి దర్జీకి ఒక గుడ్డల మూట వచ్చింది. గుడ్డలు చెమ్మగా ఉంటే వికార్స్ విప్పి నిప్పు దగ్గర ఆరవేశాడట. కొద్ది రోజులకే అతనికి జ్వరం వచ్చింది, బిళ్లలు కట్టాయి, ప్రాణం పోయింది. ఆ తరువాత అదే ఇంట్లోని పిల్లవాడు. ఆ తరువాత పక్క ఇల్లు, ఎదురిల్లు. చలికాలంలో జబ్బు కాస్త వెనకాడింది. గండం గడిచిందనుకున్నారు. ఎండలు ముదిరేసరికి అది మళ్లీ విజృంభించింది.

అప్పుడు ఆ చర్చి పాదిరి విలియం మాంపెసన్. ముప్పై ఏళ్లు నిండనివాడు, ఊరికి కొత్త. అతనికంటే ముందు పని చేసిన తామస్ స్టాన్లీ కూడా ఊళ్లోనే ఉన్నాడు. కొత్త ప్రార్థన పుస్తకాన్ని ఒప్పుకోనందుకు పదవి పోయినవాడు. ఇద్దరికీ మతం విషయంలో పడదు. ఊరివాళ్లకు గురి ఉన్నది పాతవాడిమీద, అధికారం ఉన్నది కొత్తవాడి చేతిలో. ప్లేగు లేకపోతే ఈ ఇద్దరూ ఒకరి గడప ఒకరు తొక్కేవారు కారేమో! 1666 జూన్‌లో ఇద్దరూ కలిసి ఊరివాళ్లను కూడగట్టి మూడు కట్టుబాట్లు చేయించారు.

ఎవరింటి శవాన్ని వారే తమ తోటలోనో, పొలంలోనో పాతిపెట్టుకోవాలి. చర్చి ఆవరణకు తేరాదు. చర్చి తలుపులు మూసి, ఊరి పక్కనున్న కక్లెట్ డెల్ఫ్ అనే లోయలో, ఆరుబయట, కుటుంబానికీ కుటుంబానికీ ఎడం ఉంచి ప్రార్థన జరపాలి. మూడవది అన్నిటికంటే కష్టమైనది. ఊరి పొలిమేర దాటి ఎవ్వరూ బయటికి పోరాదు, బయటివారు ఎవ్వరూ లోపలికి రారాదు.

మరి తిండి ఎలాగ అంటారా? దగ్గరలోని చాట్స్‌వర్త్ భవనంలో ఉండే డెవన్‌షైర్ ప్రభువు తిండి సామగ్రి పంపే ఏర్పాటు చేశాడు. ఇరుగుపొరుగు ఊళ్లవాళ్లు సరుకులు తెచ్చి పొలిమేరలో పెట్టి వెళ్లిపోయేవారు. వెల చెల్లించే నాణేలను ఈమ్‌వాళ్లు పొలిమేర రాతి గుంటలలో వెనిగరు పోసి అందులో వేసేవారు, లేదా పారే నీళ్లలో ఉంచేవారు. ఆ గుంటల రాయి ఇప్పటికీ ఉన్నది. నీటిబుగ్గకు 'మాంపెసన్ బావి' అనే పేరు నిలిచిపోయింది. క్రిములంటే ఏమిటో ఎవరికీ తెలియని కాలం అది. చెడుగాలివల్ల జబ్బు వస్తుందనుకునేవారు. అయినా ముట్టుకున్న వస్తువును కడిగి ఇవ్వాలనే తెలివి వాళ్లకు ఉన్నది. వెనిగరులోని పులుపుకు క్రిములను కొంతవరకు చంపే గుణం ఉన్నదని మనకు ఇప్పుడు తెలుసు.

1666 ఆగస్టు నెలంత పాడు నెల ఆ ఊరు ఎరగదు. హాంకాక్ అనే రైతు కుటుంబం ఊరికి కొంచెం దూరాన రైలీ అనే చోట ఉండేది. ఆగస్టు 3 మొదలు 10 వరకు, ఎనిమిది రోజుల్లో, ఎలిజబెత్ హాంకాక్ తన ఆరుగురు బిడ్డలనూ, భర్తనూ పోగొట్టుకున్నది. సాయం పట్టేవారు లేరు. గోతులు తానే తవ్వి, తానే పూడ్చింది. ఆమెకు జబ్బు రాలేదు. ఆ సమాధులు ఇప్పటికీ పచ్చికబయలు మధ్య, గుండ్రటి రాతిగోడ లోపల ఉన్నాయి. పెద్దలు ఎవరైనా ఈ పేజీని పిల్లలకు చదివి వినిపిస్తుంటే, ఇక్కడ కాసేపు ఆగినా ఫరవాలేదు.

ఆ నెలలోనే పాదిరిగారి ఇంటికీ జబ్బు వచ్చింది. మాంపెసన్ భార్య కాథరీన్‌కు ఇరవై ఏడేళ్లు. తమ ఇద్దరు పిల్లలనూ అంతకు ముందే వేరే ఊరికి పంపేశారు. నువ్వు కూడా వెళ్లమని భర్త ఎంత చెప్పినా ఆమె కదలలేదు. ఆగస్టు 25న చనిపోయింది. పాత రాతి శిలువకు దగ్గరలో ఉన్న పెద్ద రాతి సమాధి ఆమెదే. దానిమీద రెక్కలున్న ఇసుక గడియారం, మనిషి పుర్రె చెక్కి ఉన్నాయి. ఆ ఘడియ ఎప్పుడు వస్తుందో మీకు తెలియదు అనే అర్థం గల లాటిన్ మాటలు కూడా ఉన్నాయి. కాలం ఎగిరిపోతుందని చెప్పడానికి ఇసుక గడియారానికి రెక్కలు తొడిగారు, చూశారా!

కాని అందరికీ అటువంటి రాయి ఎక్కడినుంచి వస్తుంది? ఎవరి పొలంలో ఎవరిని పాతిపెట్టారో చాలావరకు గుర్తు లేకుండా పోయింది. గడ్డి మొలిచింది, నాగళ్లు తిరిగాయి. వాళ్లు మిగిలింది చిట్టాలోనే. 1666 నవంబరు 1న చనిపోయిన ఏబ్రహాం మోర్టెన్ ఆఖరివాడు. పద్నాలుగు నెలలలో 76 కుటుంబాలకు చెందిన 260 మంది పోయారని చాలాకాలంగా చెప్పే లెక్క. ఊళ్లో ఉన్నవారే 350 మంది అని పూర్వం రాసేవారు. తరువాత పన్నుల పట్టీలు చూసినవారు ఏడు వందలకు దగ్గరగా ఉండి ఉంటారన్నారు. అదే నిజమైనా, ప్రతి ముగ్గురిలోనూ ఒకరు పోయినట్టే.

ఇంతకూ వాళ్లు చేసినది మంచి పనేనా? ఈ ప్రశ్న మీకు వచ్చే ఉంటుంది, రావాలి కూడా. ఊళ్లో కలిగినవారు కొందరు ముందే వెళ్లిపోయారు. పాదిరిగారి పిల్లలు కూడా బయటే ఉన్నారు. చిక్కుకున్నవారు ఎక్కువగా వెళ్లడానికి చోటు లేని బీదవారు. కట్టుబాటుకు మనస్ఫూర్తిగా ఒప్పుకున్నవారు ఎందరో, గత్యంతరం లేక ఒప్పుకున్నవారు ఎందరో లెక్క కట్టలేము. అయినా రాత్రివేళ కొండ దాటిపోవడం ఆ ఊళ్లో కష్టమేమీ కాదు. కావలివాళ్ల దండు ఏమీ లేదు. ఆ వేసవిలో కట్టుబాటు నిలిచింది, చుట్టుపక్కల ఊళ్లకు ప్లేగు పాకలేదు. అందుకని బీదవారి పాలే దీనిలో ఎక్కువ అని నా అభిప్రాయం. పొగడ్త మాత్రం చాలా ఏళ్లపాటు పాదిరులకే ఎక్కువ దక్కింది.

ఇప్పుడు కొంచెం సైన్సు. గుడ్డల మూటలో ఏమి వచ్చింది? ఈ సంగతి తేలడానికి రెండు వందల ఏళ్లు దాటింది. 1894లో హాంకాంగులో అలెగ్జాండర్ యెర్సిన్ అనే శాస్త్రజ్ఞుడు ప్లేగు క్రిమిని కనిపెట్టాడు. అది మనిషిని ఎలా చేరుతుందో తెలియలేదు. 1896 నుంచి బొంబాయి మొదలుకొని మన దేశంలో ప్లేగు చెలరేగింది. అప్పుడు పాల్ లూయీ సిమోం అనే ఫ్రెంచి డాక్టరు ఇక్కడికి వచ్చి, 1898లో కరాచీలో ఒక ప్రయోగం చేశాడు. గాజు జాడీ అడుగున ఇసుక పోసి, జబ్బు ఎలుకను అందులో ఉంచాడు. పైన తీగెల బోనులో మంచి ఎలుకను వేలాడదీశాడు. ఒకదాన్నొకటి తాకే వీలు లేదు. కింది ఎలుక చచ్చింది. కొద్ది రోజులకు పై ఎలుకకు కూడా ప్లేగు వచ్చి చచ్చింది. రెంటి మధ్యా రాయబారం నడిపినది ఏది? ఎలుక ఒంటిమీద బతికే, రెక్కలు లేని, గెంతే చిన్న పురుగు. ఇంగ్లీషులో దాన్ని 'ఫ్లీ' అంటారు. ఎలుక చచ్చి ఒళ్లు చల్లబడగానే ఫ్లీ దాన్ని వదిలి, వెచ్చని ఒళ్లు వెతుక్కుంటూ గెంతుతుంది. దర్జీగారి మూటలో వచ్చినది ఇటువంటి ఫ్లీలే అని చాలామంది అభిప్రాయం. సిమోం మాట మొదట్లో ఎవరూ చెవిని పెట్టలేదు. కొన్నేళ్ల తరువాత బొంబాయిలో మళ్లీ పరీక్షలు జరిపి నిజమేనన్నారు. ఇప్పుడు ప్లేగుకు మందులున్నాయి. త్వరగా కనిపెట్టి ఇస్తే బతుకుతారు.

చర్చి చిట్టా ఇక్కడ మళ్లీ పనికివచ్చింది. ఎవరు ఏ రోజు పోయారో, ఎవరు ఏ కుటుంబంవారో అందులో ఉన్నది కదా. 2016లో ఇద్దరు ఇంగ్లండు పరిశోధకులు ఆ పేర్లనూ తేదీలనూ తీసుకుని లెక్కలు కట్టారు. ఒకే ఇంటిలో చావులు ఎంత వ్యవధిలో జరిగాయి, ఒక ఇంటినుంచి మరొక ఇంటికి ఎన్నాళ్లలో పోయింది అని చూస్తే, నాలుగింట మూడు వంతుల వరకు జబ్బు మనిషినుంచి మనిషికే అంటి ఉంటుందని తేలింది. మనుషుల ఒంటిమీది పేలవల్ల కావచ్చు, దగ్గు తుంపరలవల్ల కావచ్చు. ఎలుకల పాలు అనుకున్నంత లేదన్నమాట. అటువంటప్పుడు ఆరుబయట ఎడంగా నిలబడడం, పొలిమేర దాటకపోవడం రెండూ అర్థమున్న పనులే. 2020లో కరోనా వచ్చి మనమందరం ఇళ్లలో కూర్చున్నప్పుడు పత్రికలలో ఈమ్ పేరు మళ్లీ మారుమోగింది.

చర్చిలో 1985లో పెట్టిన రంగుటద్దాల కిటికీ ఒకటి ఈ కథనంతా బొమ్మలుగా చూపుతుంది. అందులో ఎమ్మట్ సిడాల్ అనే పిల్లా, పక్క ఊరి రౌలండ్ టోర్ అనే యువకుడూ ఉన్నారు. వాళ్లకు పెళ్లి కావలసి ఉన్నది. జబ్బు వచ్చాక డెల్ఫ్ లోయకు చెరొకవైపునా దూరంగా నిలబడి ఒకరినొకరు చూసుకునేవారట. ఏప్రిల్ నెలాఖరునుంచి ఆమె రాలేదు. అతను మాత్రం వచ్చి నిలబడేవాడు. ప్లేగు తగ్గి దారి తెరిచాక ఊళ్లోకి మొదట పరుగెత్తుకు వచ్చినవారిలో అతనొకడని ఊరివాళ్లు చెబుతారు. ఎమ్మట్ పేరు కూడా చిట్టాలో ఉన్నది.

మాంపెసన్ ఏమయ్యాడని అడుగుతారేమో. కొన్నేళ్లకు అతనికి నాటింగ్‌హామ్‌షైర్‌లో ఈక్రింగ్ అనే ఊరికి బదిలీ అయింది. అక్కడివాళ్లు, ప్లేగు ఊరినుంచి వచ్చినవాడని భయపడి, ఊళ్లోకి రానివ్వలేదు. కొంతకాలం ఊరి బయట ఒక గుడిసెలో ఉండవలసి వచ్చింది. తన ఊరి తలుపు మూయించినవాడికి మరో ఊరివాళ్లు తలుపు మూశారు. వాళ్లను తప్పు పట్టడానికి అతనికి నోరు వచ్చి ఉండదు. స్టాన్లీ మాత్రం ఈమ్ వదలలేదు. 1670లో అక్కడే కన్నుమూశాడు.

ప్రతి ఏటా ఆగస్టు చివరి ఆదివారాన్ని ఈమ్‌లో 'ప్లేగు ఆదివారం' అంటారు. ఆ రోజు కాథరీన్ సమాధిమీద పూలచెండు ఉంచి, పిల్లలూ పెద్దలూ వరుసగా డెల్ఫ్ లోయకు నడిచి వెళ్లి, ఆనాటివారు నిలబడిన పచ్చికమీదే నిలబడి, ఆరుబయట ప్రార్థన చేస్తారు.